చిన్న ఉప్పునీటి ట్యాంకుకి ప్రోటీన్ స్కిమ్మర్: ఏది కొనాలి, కొన్నాక ఏం మార్చాలి

బెల్లం వండేటప్పుడు పెనంలో చెరకు రసం మరుగుతుంటే పైకి మురికి నురుగు తేలుతుంది. దాన్ని జల్లిగరిటెతో ఎప్పటికప్పుడు తీసి పారేస్తుంటారు. ప్రోటీన్ స్కిమ్మర్ పనీ అంతే. మంటకి బదులు గాలి బుడగలు, గరిటెకి బదులు ఒక ప్లాస్టిక్ మెడ, దాని పైన ఒక కప్పు.

చేపలు వదిలేసిన మేత, వాటి విసర్జన, నాచు వదిలే జిగురు, ఇవన్నీ నీళ్ళలో కరిగి ఉంటాయి. ఈ అణువుల్లో చాలావాటికి ఒక కొసకి నీళ్ళంటే ఇష్టం, రెండో కొసకి పడదు. గాలి బుడగ దొరగ్గానే ఆ రెండో కొస బుడగలోకి దూరి అంటుకుపోతుంది. అలా మురికి పట్టిన బుడగలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మెడలోకి ఎక్కి కప్పులో పడతాయి. మంచినీటి ట్యాంకులో ఇది ఎందుకు కుదరదంటే, అక్కడ సన్న బుడగలు తగలగానే కలిసిపోయి పెద్దవవుతాయి. ఉప్పు ఉంటే విడివిడిగా, పాలలా తెల్లగా ఉంటాయి. అందుకని కొత్త స్కిమ్మర్‌ని బకెట్‌లో కుళాయి నీళ్ళు పోసి పరీక్షించి, పెద్ద పెద్ద బుడగలు చూసి షాపువాడితో గొడవపడకండి. ఆ పని నేను చేశాను.

అసలు మీకు కావాలా?

ముందు మీ ట్యాంకులో నిజంగా ఎన్ని నీళ్ళున్నాయో లెక్కెయ్యండి. మన దగ్గర ఎక్కువమంది మొదలుపెట్టేది రెండడుగుల ట్యాంకుతో: 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. అంచుదాకా నింపితే దాదాపు 70 లీటర్లు. పైన వదిలే ఖాళీ, లోపలి రాళ్ళు, ఇసుక తీసేస్తే 55 నుంచి 60. అందులో రెండు క్లౌన్ చేపలు, నాలుగు మెత్తటి పగడాలు మాత్రమే ఉంటే, వారానికి 6 లీటర్లు నీళ్ళు మారుస్తూ స్కిమ్మర్ లేకుండానే హాయిగా నడపొచ్చు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ 2009లో కొన్ని స్కిమ్మర్లను కొలిచి చూశారు. నీళ్ళలోని సేంద్రియ కర్బనంలో, అంటే ఈ కరిగిన మురికిలో, అవి లాగింది దాదాపు 20 నుంచి 30 శాతమే. మిగతాది నీళ్ళు మార్చడం, మురికి పీల్చే బొగ్గు (కార్బన్), బ్యాక్టీరియా చూసుకోవాల్సిందే.

మరి ఎందుకు పెట్టుకోవాలి అంటే, నా వరకు మొదటి కారణం మురికి కాదు, ఆక్సిజన్. ఉప్పునీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకి 6.7 మిల్లీగ్రాముల వరకే ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీలకి వెళ్తే 6.2కి పడిపోతుంది. మే నెలలో విజయవాడలో మేడ మీది గదిలో ట్యాంకు ఎంత వేడెక్కుతుందో మీరే ఊహించుకోండి. రాత్రంతా బుడగలు కలిపే యంత్రం ఒకటి నడుస్తుంటే ఆ సీజన్‌లో టెన్షన్ సగం తగ్గుతుంది.

కొనేముందు

డబ్బా మీద రాసిన లీటర్లను చూసి కొనకండి. ఎక్కువ రాసింది మంచిదని నా 60 లీటర్ల నీళ్ళకి 400 లీటర్ల రేటింగ్ ఉన్నది, వెనక తగిలించే రకం ఒకటి తెచ్చాను. మూడు వారాలైనా కప్పు ఎండిపోయే ఉంది. లోపం యంత్రానిది కాదు. నా రెండు చేపలు చేసే మురికి అంత వెడల్పు మెడలో నురుగు నిలబెట్టడానికి చాలలేదు. నురుగు పైకి ఎక్కాలంటే బుడగలు దట్టంగా మురికి పట్టి ఉండాలి. మెడ వెడల్పయ్యేకొద్దీ మురికి ఎక్కువ కావాలి. డబ్బా మీద మీ నిజమైన నీళ్ళకి ఒకటిన్నర రెట్లు, మహా అయితే రెండు రెట్లు రాసి ఉంటే చాలు.

తర్వాత చూడాల్సింది బుడగ ఎలా పుడుతుందనేది. ఎయిర్ పంపుకి చెక్క స్టోన్ తగిలించేవి అన్నిటికంటే చవక. బుడగలు చాలా సన్నగా వస్తాయి కానీ ఆ చెక్క నెల, నెలన్నరకి ఉబ్బి మూసుకుపోతుంది, మళ్ళీ కొనాలి. వెంచురి రకంలో నీళ్ళు సన్నటి గొంతులోంచి దూకేటప్పుడు గాలిని లాక్కుంటాయి. చిన్న సైజులో ఇవి అంతంతమాత్రం. మూడోది నీడిల్ వీల్: పంపు లోపల తిరిగే చక్రానికి రెక్కలకి బదులు సూదుల్లాంటి పుల్లలుంటాయి. పంపు నోటి దగ్గర గాలి కలుస్తుంది, ఆ పుల్లలు దాన్ని నుజ్జు చేస్తాయి. కరెంటు తక్కువ లాగుతుంది, మార్పులకీ లొంగుతుంది. వీలుంటే ఇదే తీసుకోండి.

ఎక్కడ పెడతారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ట్యాంకు కింద సంప్, అంటే పై నీళ్ళు పైపుల్లో దిగి మళ్ళీ పంపుతో పైకెళ్ళే రెండో తొట్టి, ఉంటే అందులో పెట్టేదే మేలు. పొంగినా సంప్‌లోనే పడుతుంది. సంప్ లేకపోతే వెనక తగిలించేది. కొనేముందు ట్యాంకుకీ గోడకీ మధ్య ఎంత జాగా ఉందో స్కేలుతో కొలవండి. నాలుగైదు అంగుళాలు లేకపోతే, నీళ్ళు నింపిన ట్యాంకుని జరపడం ఎవరివల్లా కాదు.

ఇక మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే అన్నయ్య చేత సూట్‌కేసులో స్కిమ్మర్ తెప్పించుకోవడం మన దగ్గర మామూలే. తెప్పించుకునే ముందు మోటారు మీద ఏం రాసుందో ఫొటో తీసి పంపమనండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే వద్దనండి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటాం కదా అంటారు. అది వోల్టేజీని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ని మార్చదు. ఈ చిన్న పంపుల్లో మోటారు కరెంటు లయకి అడుగులేస్తూ తిరుగుతుంది. అక్కడ నిమిషానికి 3600 చుట్లు తిరిగేది మన 50 హెర్ట్జ్ మీద 3000 చుట్లే తిరుగుతుంది. ఆరో వంతు వేగం పోతే బుడగలు ముతకబడతాయి, పైగా మోటారు వేడెక్కుతుంది. అడాప్టర్‌తో నడిచే డీసీ పంపు ఉన్నది, ఆ అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటే, నిశ్చింతగా తెమ్మనండి.

బిగించడం, ఆ తర్వాత చేతులు కట్టుకోవడం

కొత్తదాన్ని విప్పి, సగం వెనిగర్ సగం నీళ్ళు కలిపిన బకెట్‌లో గంటసేపు నడపండి. ఫ్యాక్టరీ నూనె జిడ్డు చాలావరకు వదులుతుంది. సబ్బు మాత్రం ముట్టించొద్దు. మామూలు నీళ్ళతో రెండుసార్లు కడిగి ట్యాంకుకి పెట్టండి.

సంప్‌లో అయితే నీటిమట్టం ఎప్పుడూ మారని గదిలోనే పెట్టాలి. ఆవిరైపోయే నీళ్ళన్నీ తగ్గేది చివరి గదిలో, నీళ్ళని తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు ఉన్నచోట. అక్కడ పెడితే పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా పనిచేస్తుంది. కంపెనీ చెప్పిన లోతు, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, కుదరకపోతే స్కిమ్మర్ కింద యాక్రిలిక్ ముక్కలు పేర్చి ఎత్తండి. ఈ ఒక్క పనితో సగం ఫిర్యాదులు పోతాయి. ప్లగ్గుకి వెళ్ళే వైరు ఒకసారి కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా చూడండి, వైరు వెంట జారిన నీళ్ళు అక్కడే కారిపోతాయి. 30 మిల్లీయాంప్ లీకేజీ బ్రేకర్ లేని ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టొద్దు.

మొదటి వారం పది రోజులు అది పిచ్చిపిచ్చిగా ఉంటుంది. ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు అసలు నురగదు. లోపలి గోడలకి సన్నటి జీవపు పొర పట్టేదాకా అంతే. ఈ రోజుల్లో స్కిమ్మర్ నీళ్ళు బయటికి వదిలే వాల్వు తిప్పడం, కప్పు ఎత్తడం, మళ్ళీ దించడం చేశారంటే మీకు ఏం తెలియకుండా పోతుంది. వాల్వు బాగా తెరిచి, మట్టం మెడ అడుగున ఉండేలా పెట్టి వదిలెయ్యండి. రెండు వారాలయ్యాక రోజుకి ఒక మార్పు, అదీ పావు చుట్టు.

సరైన నురుగు ఎలా ఉంటుందంటే, మెడ అడుగున పాలలాంటి తెలుపు, దాని పైన సబ్బు నురగలాంటి పెద్ద గూళ్ళు, ఇంకా పైన గోధుమరంగు గూళ్ళు ఒక్కొక్కటిగా పగులుతూ అంచు దాటి దొర్లుతుంటాయి. మెడంతా తెల్లగా మరుగుతున్నట్టు ఉంటే మట్టం ఎక్కువ. కప్పులో పడేది ఫిల్టర్ కాఫీ డికాషన్‌లా చిక్కగా రావాలని కొందరు, పల్చటి టీలా రావాలని కొందరు. చిన్న ట్యాంకుకి టీ రంగే మంచిదని నా అభిప్రాయం, కానీ దానికో లెక్కుంది. రోజుకి 100 మిల్లీలీటర్లు పల్చగా తీస్తే నెలకి 3 లీటర్ల ఉప్పునీళ్ళు పోతాయి. ఆ ఖాళీని మీరు ఆర్‌వో నీళ్ళతో నింపుతుంటే 60 లీటర్లలో ఉప్పు వెయ్యి వంతులకి 35 నుంచి దాదాపు 33కి దిగుతుంది. నెలకోసారైనా ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోండి.

మార్పులు చేసేముందు గాలి కొలవండి

స్కిమ్మర్ ఎంత గాలి లాగుతోందో తెలియకుండా దాన్ని "మెరుగు" చేయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మీటరు అక్కర్లేదు. లీటరు నీళ్ళ బాటిల్ అడుగున చిన్న బెజ్జం పెట్టి, గాలి పైపు కొస దూర్చి, చుట్టూ హాట్ గ్లూ పెట్టండి. మూత తీసేసి, మూతి కిందికి వచ్చేలా బకెట్ నీళ్ళలో నిలబెట్టండి. పైపు రెండో కొస స్కిమ్మర్ గాలి నోటికి తగిలించండి. అది బాటిల్లోని గాలిని తాగుతుంటే కిందినుంచి నీళ్ళు ఎక్కుతాయి. మీరు బాటిల్‌ని మెల్లగా ముంచుతూ లోపలి మట్టం, బయటి మట్టం ఒకే వరసలో ఉండేలా చూడాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. బాటిల్ మొత్తం నిండేలోపే, నీళ్ళు పైపులోకి ఎక్కకముందే లాగేయండి. అర లీటరు దగ్గర గీత గీసుకుని అక్కడిదాకా కొలిచి రెట్టింపు చేస్తే సరిపోతుంది. లీటరుకి 30 సెకన్లు పడితే గంటకి 120 లీటర్లు, 24 సెకన్లయితే 150. ఆ అంకెని గోడ మీద పెన్సిల్‌తో రాసుకోండి.

ఈ కొలతతోనే నా స్కిమ్మర్ జబ్బు తెలిసింది. కొన్నప్పుడు 28 సెకన్లు, ఆరు నెలలకి 50. చక్రానికి ఏదో అయిందని కొత్తది కొనబోయాను. తీరా చూస్తే గాలి నోటి దగ్గర ఆవగింజంత ఉప్పు గడ్డ. గోరువెచ్చటి నీళ్ళు ఒక గ్లాసు లాగించగానే మళ్ళీ 28.

చక్రానికి మెష్ కట్టడం

చవక స్కిమ్మర్లలో చక్రానికి నాలుగైదు మొద్దు రెక్కలే ఉంటాయి. దాని మీద ప్లాస్టిక్ మెష్ కడితే బుడగలు సన్నబడతాయి. విదేశాల్లో ఎన్‌కామ్యాట్ అనే చిక్కటి నైలాన్ వల వాడతారు. మనకి సులువుగా దొరికేది ఎంబ్రాయిడరీ సామాన్ల షాపులో అమ్మే ప్లాస్టిక్ కాన్వాస్, గళ్ళు గళ్ళుగా ఉండే షీటు. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు కూడా ప్రయత్నించాను. రెండు వారాల్లో పోగులు ఊడి పంపులో చుట్టుకుంది, వద్దు. స్టీలు పీచు జోలికి అసలు పోవద్దు, ఉప్పునీళ్ళలో అది తుప్పుపడుతుంది.

పని చేసే ముందు విడి చక్రం ఒకటి కొనిపెట్టుకోండి. అసలుదాన్ని పాడుచేసి, కొత్తది వచ్చేదాకా చేపల్ని చూస్తూ కూర్చోవద్దు. వారంటీ ఉంటే అదీ ఈ పనితో పోయినట్టే.

చక్రం తిరిగే గుల్ల లోపలి వ్యాసం కొలవండి. దానికంటే 4 మిల్లీమీటర్లు తక్కువ వ్యాసంతో మెష్ బిళ్ళలు మూడు కత్తిరించండి. అంటే చుట్టూ రెండేసి మిల్లీమీటర్ల సందు ఉండాలి. నీళ్ళు లోపలికి వచ్చే వైపు బిళ్ళల మధ్యలో, పంపు నోరంత గుండ్రటి ఖాళీ వదలండి, లేకపోతే పంపు ఊపిరాడక మూలుగుతుంది. మూడింటినీ గళ్ళు ఒకదాని మీద ఒకటి పడకుండా కొంచెం తిప్పి పేర్చి, చేపలు పట్టే నైలాన్ దారంతో రెక్కలకి గట్టిగా కుట్టండి. ముడులు ఎదురెదురుగా వచ్చేలా చూసుకోండి, బరువంతా ఒకవైపు పడకుండా. చివరి ముడి మీద చుక్క సూపర్ గ్లూ వేస్తే ఊడదు.

ఇప్పుడు ఇరుసు మీద పెట్టి వేలితో తిప్పండి. ఎక్కడా రాసుకోకుండా జారాలి. ఉప్పునీళ్ళ బకెట్‌లో నడిపి వినండి: సన్నటి రొద ఉంటే సరే, స్విచ్ వేయగానే కటకటమని కొట్టుకుని తిరగలేకపోతే మెష్ బరువెక్కువైంది, ఒక బిళ్ళ తీసేయండి. అరగంటయ్యాక పంపుని పట్టుకుని చూడండి. మునుపటికంటే బాగా వేడిగా ఉంటే ఆ మార్పు మీ పంపుకి పడలేదని అర్థం. అన్నీ కుదిరాక మళ్ళీ బాటిల్ కొలత. నాకు 28 సెకన్లు 22 అయ్యాయి. అంటే గంటకి 128 నుంచి 163 లీటర్లు. చదవడానికి చిన్నదే కానీ బుడగలు మాత్రం మజ్జిగ నుంచి పాలకి మారినట్టు మారాయి.

అంత సూదిపని చేసే ఓపిక లేనివాళ్ళకి ఇంకో మార్పు, వెనక తగిలించే రకానికి మాత్రమే: పంపు నీళ్ళు పీల్చే నోటిని పైమట్టానికి తేవడం. మురికి ఎక్కువగా పేరుకునేది నీటి ఉపరితలం మీద. చాలా స్కిమ్మర్లు ట్యాంకు మధ్యలోంచి నీళ్ళు లాగుతాయి. ఒక చిన్న యాక్రిలిక్ పెట్టెకి పై అంచున దువ్వెన పళ్ళలా గాట్లు పెట్టి, అంచు నీటిమట్టానికి కొంచెం కిందుగా ఉండేలా పంపు చుట్టూ బిగిస్తే, పైపొర మాత్రమే అందులోకి జారుతుంది. ట్యాంకు మీద జిడ్డులా కనిపించే తెర ఒక్కరోజులో పోతుంది. కానీ రోజూ ఆవిరైన నీళ్ళు పోయడం మరిచిపోతే పంపు గాలి పీల్చి గోల చేస్తుంది.

కప్పుకి పైపు, కరెంటుకి ఆలస్యం

నిండిన కప్పు సంగతి మరిచిపోయి ఊరెళ్ళేవాళ్ళు కప్పు అడుగున పైపు పెట్టి బాటిల్లోకి వదులుతారు. డ్రిల్ చేసేచోట టేపు అంటించి, మెల్లగా 6 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టండి. హడావిడి పడితే యాక్రిలిక్ చిట్లుతుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు పెద్ద బకెట్ పెట్టడం. స్కిమ్మర్ ఒక్కసారి పొంగితే కప్పు నిండి సంప్‌లోనే పడాల్సిన నీళ్ళు అన్నీ ఆ బకెట్‌లోకి పోతాయి, ట్యాంకు ఖాళీ అవుతుంది. రెండు లీటర్ల బాటిల్ చాలు. మూతకి రెండు బెజ్జాలు: ఒకటి కప్పు పైపుకి, ఒకటి గాలి పోవడానికి. రెండూ గ్లూతో బిగించి, గాలి పైపుని కప్పు పైఅంచుకంటే ఎత్తులో కట్టండి. బాటిల్ నిండాక నీళ్ళు ఆ పైపులో కప్పు మట్టందాకా ఎక్కి ఆగిపోతాయి, నేలమీద చుక్క పడదు. సంప్‌లో ఉన్నదానికే ఇది.

కరెంటు పోయి వచ్చినప్పుడు పొంగడం మన ఇళ్ళలో అసలు సమస్య. కరెంటు పోగానే పై ట్యాంకు పైపుల్లోని నీళ్ళు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ ఎత్తు మట్టంలోనే మొదలై ఉన్నపళంగా పొంగుతుంది. వెనక తగిలించినదానికి ఇంకో గొడవ: ఆగి మళ్ళీ మొదలైనప్పుడు లోపలి మురికి నురుగు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఒక రాత్రి రెండింటికి అలాగే అయింది. "ఒరేయ్, నీ చేపల తొట్టి మళ్ళీ పొంగిందిరా, హాలంతా బీచ్ వాసన!" అని అమ్మ కేక. లేచి చూస్తే ఐదు లీటర్ల నీళ్ళు నేలమీద, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి జానెడు దూరంలో.

దీనికి ఖరీదైన కంట్రోలర్ అక్కర్లేదు. పాత ఫ్రిజ్ స్టెబిలైజర్ ఇంట్లో పడి ఉంటే, దాంట్లో టైమ్ డిలే ఉందో లేదో చూడండి. కరెంటు వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి లైను ఇస్తుంది. స్కిమ్మర్‌ని దానికి, రిటర్న్ పంపుని నేరుగా ప్లగ్గుకి పెడితే, స్కిమ్మర్ లేచేసరికి సంప్ మట్టం మామూలుకి వచ్చేసి ఉంటుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు రిటర్న్ పంపుని దాని మీద పెట్టుకుంటే ఇంకా మంచిది. స్క్వేర్ వేవ్ రకం ఇన్వర్టర్ అయితే పంపు గుయ్‌మంటుంది, భయపడకండి, కానీ వేడి గమనించండి.

ఉన్నట్టుండి నురుగు ఆగిపోయిందా? ఏం మేత వేశారో గుర్తు తెచ్చుకోండి. నూనె ఉన్న ఫ్రోజెన్ మేత వేస్తే కొన్ని గంటలు పడుకుంటుంది, దానంతటదే లేస్తుంది. ఉన్నట్టుండి పొంగితే మందు వేశారేమో, రాళ్ళు అతికించే పుట్టీ వాడారేమో, కొత్త వాటర్ కండిషనర్ పోశారేమో చూడండి. అలాంటప్పుడు కప్పు తీసేసి, ఒకటి రెండు రోజులు ఉట్టి గాలికోసం నడవనివ్వండి. చేతికి కొబ్బరినూనె ఉండగా ట్యాంకులో చెయ్యి పెట్టినా గంటసేపు అలుగుతుంది.

మెడ లోపల జిగురు పట్టగానే నురుగు ఎక్కడం తగ్గుతుంది. మూడు రోజులకోసారి మెడని పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. గాలి పైపులోంచి వారానికోసారి గోరువెచ్చటి ఆర్‌వో నీళ్ళు గ్లాసుడు లాగించండి. పంపుని మూడు నెలలకోసారి విప్పి వెనిగర్ నీళ్ళలో నానబెట్టి, చక్రం మీది మెష్ పోగులు ఊడుతున్నాయేమో వెలుతురులో చూడండి. కప్పు మాత్రం బాత్‌రూమ్‌లో కడగండి. వంటింటి సింకులో ఒక్కసారి కడిగాను, మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాట వస్తుంది.